బడి లెక్కల నుంచి పిల్లల చదువు దాకా: డేటాతో విద్యను మెరుగుపరచడానికి ఒక సమగ్ర మార్గదర్శి

పేద, మధ్యాదాయ దేశాల్లో పదేళ్ల పిల్లల్లో 53 శాతం మంది ఒక చిన్న కథను చదివి అర్థం చేసుకోలేకపోతున్నారని ప్రపంచ బ్యాంకు 2019లో లెక్కగట్టింది. కోవిడ్‌లో బడులు మూతపడ్డాక, 2022లో ఆ అంచనా 70 శాతానికి పెరిగింది. వీళ్లలో ఎక్కువమంది బడి మొహం చూడని పిల్లలు కారు, రోజూ సంచీ తగిలించుకుని వెళ్తున్నవాళ్లే. వాళ్ల పేరు, వయసు, తరగతి ఏదో ఒక ఫారంలో నమోదై ఉన్నాయి. చదవడం వచ్చా రాదా అన్నది మాత్రం చాలా దేశాల బడి లెక్కల్లో కనబడదు.

బడుల సమాచారం చేతిలో ఉండి, దాన్ని పిల్లలకు పనికొచ్చేలా చేయాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మీరు విద్యాశాఖ అధికారి కావచ్చు, స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తుండవచ్చు, పరిశోధక విద్యార్థి కావచ్చు. పెద్ద సాఫ్ట్‌వేర్లు అక్కర్లేదు. ఒక ఎక్సెల్ షీటు, బడికి వెళ్లి పిల్లల పక్కన కూర్చునే ఓపిక ఉంటే మొదలుపెట్టొచ్చు.

1. ముందు నిర్ణయం రాసుకోండి, ప్రశ్నలు తర్వాత

ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ప్రాథమిక బడుల్లో 2005లో మొదలైన పరిశోధనల్లో ఒకటి ఈ పని చేసే ప్రతివాళ్లూ తెలుసుకోవాల్సింది. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 100 బడుల్లో పిల్లలకు పరీక్ష పెట్టి, ఏ అంశంలో ఎవరు వెనకబడ్డారో వివరంగా రిపోర్టు తయారుచేసి టీచర్లకు ఇచ్చారు. ఏడాది పొడవునా తరగతులకు వెళ్లి పరిశీలించారు కూడా. ఎవరైనా చూస్తున్నప్పుడు ఆ టీచర్లు మిగతావాళ్లకంటే ఉత్సాహంగా పాఠం చెప్పారు. ఏడాది చివర పరీక్షలో మాత్రం, రిపోర్టులు అందని బడుల పిల్లలకూ వీళ్లకూ తేడా ఏమీ లేదు.

అర్జెంటీనాలోని లా రియోహా రాష్ట్రంలో ఇలాంటి ప్రయత్నమే ఇంకో రకంగా తేలింది. అక్కడ పరీక్ష ఫలితాలను ఏటా బడులకు అందిస్తే, రెండేళ్లలో పిల్లల మార్కులు స్పష్టంగా పెరిగాయి. బడిని నడిపే నిర్ణయాల్లో ఆ ఫలితాలను వాడుకున్నామని అక్కడి హెడ్మాస్టర్లు చెప్పారు. రెండు చోట్లా రిపోర్టు అందింది. దాన్ని ఎవరో ఒకరు పట్టుకుని ఏదో ఒకటి మార్చిన చోటే ఫలితం కనబడింది. నా దృష్టిలో ఈ పనంతటికీ మూలం ఇదే: ఏ అంకె చూసి, ఎవరు, రేపు ఏ పని వేరేగా చేస్తారు?

అందుకే సర్వే ఫారం తయారుచేసే ముందు కాగితం మీద ఒక వాక్యం రాయండి: "ఈ అంకె ఇంత దాటితే, ఫలానా వ్యక్తి, ఫలానా తేదీలోపు, ఫలానా పని చేస్తారు." ఉదాహరణకు, "మూడో తరగతిలో పదాలు కూడా చదవలేని పిల్లలు మూడో వంతు దాటితే, హెడ్మాస్టర్ వచ్చే సోమవారం నుంచి టైమ్‌టేబుల్‌లో రోజూ ఒక గంట చదవడానికే కేటాయిస్తారు." ఆ వ్యక్తికి ఆ పని చేసే అధికారం నిజంగా ఉందో లేదో అడిగి తెలుసుకోండి. టైమ్‌టేబుల్ మార్చాలంటే పై ఆఫీసు అనుమతి కావాలంటే, మీ వాక్యంలో ఉండాల్సిన పేరు హెడ్మాస్టర్‌ది కాదు, పై ఆఫీసులో సంతకం పెట్టేవారిది. అలాంటి వాక్యం ఒక్కటి కూడా రాయలేని ప్రశ్నలను ఫారంలోంచి తీసేయండి. ఫారం సగానికి తగ్గుతుంది. దాన్ని నింపే టీచరు ఆ మిగిలిన సమయం తరగతిలో గడుపుతారు.

2. ఇప్పటికే ఉన్నది వెతకండి

కొత్త సర్వేకు డబ్బు ఖర్చుపెట్టే ముందు, ఉన్న డేటా ఏమిటో చూడండి. దాదాపు ప్రతి దేశంలోనూ విద్యాశాఖ ఏటా బడుల గణన చేస్తుంది; భారతదేశంలో యూడైస్ ప్లస్ అలాంటిదే. ఎన్ని గదులు, ఎందరు టీచర్లు, ఎందరు పిల్లలు అన్నవి అందులో ఉంటాయి. దక్షిణ, తూర్పు ఆఫ్రికా దేశాలకు సాక్‌మెక్, ఫ్రెంచి మాట్లాడే ఆఫ్రికా దేశాలకు పాసెక్ అనే పరీక్షలు ఉన్నాయి. ఇవి పిల్లల నైపుణ్యాలను దేశం మొత్తానికి అంచనా వేస్తాయి, మీ జిల్లా గురించి చెప్పలేవు. పబ్లిక్ పరీక్షల మార్కులు ప్రతి బడికీ దొరుకుతాయి, కానీ అప్పటికే బడి మానేసిన పిల్లలు వాటిలో ఉండరు.

ఇవన్నీ బడి దగ్గర మొదలయ్యే లెక్కలు. భారతదేశంలో 2005 నుంచి ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ నడుపుతున్న, పిల్లలకు చదవడం, లెక్కలు వచ్చో లేదో చూసే అసర్ సర్వే ఇంటి దగ్గర మొదలవుతుంది. 2009లో కెన్యా, టాంజానియా, ఉగాండాల్లో మొదలైన ఉవెజో కూడా అదే దారిలో నడిచింది. ఇంటికి వెళ్లి పరీక్షిస్తే ప్రభుత్వ బడి, ప్రైవేటు బడి, అసలు బడికే వెళ్లని పిల్లలు, ఆరోజు డుమ్మా కొట్టినవాళ్లు అందరూ లెక్కలోకి వస్తారు. బడిలో చేసే పరీక్షకు దొరకని పిల్లలే సాధారణంగా అందరికంటే వెనకబడి ఉంటారు కాబట్టి ఈ తేడా చిన్నది కాదు.

రెండు వేర్వేరు చోట్ల నుంచి వచ్చిన లెక్కలను పక్కపక్కన పెట్టడం అలవాటు చేసుకోండి. కెన్యా 2003లో ప్రాథమిక విద్యకు ఫీజు తీసేసి, పిల్లల సంఖ్యను బట్టి బడులకు నిధులు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ తర్వాత బడుల రికార్డుల్లో నమోదు పెరిగింది, ఇంటింటి సర్వేల్లో మాత్రం ఆ పెరుగుదల కనబడలేదు. బడికి వచ్చే డబ్బు ఏ అంకె మీద ఆధారపడి ఉందో, ఆ అంకెను రెండోసారి సరిచూడకుండా వాడొద్దు.

3. లెక్కలు శుభ్రం చేయడం

ఈ మెట్టు మీద చాలామంది తొందరపడతారు. ఇక్కడ మిగిల్చుకున్న వారం రోజులు తర్వాత నెలల కొద్దీ వెంటాడతాయి.

మొదట బడి కోడ్. ఒకే బడి పేరు ఒక ఫైల్లో ఒక స్పెల్లింగుతో, ఇంకో ఫైల్లో ఇంకో స్పెల్లింగుతో ఉంటుంది. అందుకే పేరుతో కాకుండా కోడ్‌తో కలపండి. రెండు బడులు కలిసిపోయినప్పుడు, ఒకటి రెండుగా చీలినప్పుడు పాత కోడ్ ఏమైందో విడిగా ఒక షీట్లో రాసుకోండి. తర్వాత సున్నా, ఖాళీ. "టాయిలెట్లు: 0" అంటే లేవని అర్థం. గడి ఖాళీగా ఉంటే, ఎవరూ నింపలేదని మాత్రమే అర్థం. కంప్యూటరు ఈ రెంటినీ ఒకటిగా చూస్తే మీ సగటు మొత్తం తప్పుతుంది.

ఆ తర్వాత అసలు పని. పోయిన ఏడాది రెండో తరగతి పక్కన ఈ ఏడాది మూడో తరగతి పెట్టి చూడండి. అప్పుడు 41 మంది ఉండి, ఇప్పుడు 58 మంది ఉంటే ఫోన్ చేసి కారణం అడగాలి. పక్క ఊరి బడి మూతపడి పిల్లలు ఇక్కడికి వచ్చి ఉండొచ్చు. లేదా ఎవరో అంకె తారుమారు చేసి ఉండొచ్చు. వరుసగా మూడేళ్లు ప్రతి తరగతిలో ఒకే సంఖ్య ఉంటే పాత ఫారం చూసి ఎక్కించారన్నమాట. చాలా అంకెలు 0తోనో 5తోనో ముగిస్తే, అవి లెక్కపెట్టినవి కావు, ఉజ్జాయింపుగా వేసినవి. ఒకటో తరగతిలో ఉన్న పిల్లలు ఆ ప్రాంతంలోని ఆరేళ్ల పిల్లలకంటే చాలా ఎక్కువగా ఉంటే, అదే తరగతి మళ్లీ చదువుతున్నవాళ్లను కొత్తగా చేరినవాళ్లుగా రాసి ఉండొచ్చు. అది తెలియకపోతే ఒకటో తరగతి తర్వాత పిల్లలు పెద్దఎత్తున బడి మానేస్తున్నారని తప్పుగా నిర్ధారిస్తారు. నిజానికి వాళ్లు బడిలోనే ఉన్నారు, ముందుకు కదలడం లేదు. ఆ రెండు సమస్యలకూ మందు ఒకటి కాదు.

కాగితం మీద ఎంత చూసినా, కొన్ని బడులకు చెప్పకుండా వెళ్లి తీరాలి. లాటరీ తీసి కొన్ని బడులు ఎంచుకోండి. ప్రతి తరగతిలో మూడు అంకెలు రాసుకోండి: పట్టీలో ఉన్న పేర్లు, ఈరోజు హాజరు వేసినవాళ్లు, గదిలో కూర్చున్న తలలు. ఈ మూడింటి మధ్య తేడాయే మీ డేటా నాణ్యతకు కొలమానం. టీచర్ల హాజరుకూ ఇదే పద్ధతి. 2002-03లో బంగ్లాదేశ్, ఈక్వడార్, భారత్, ఇండొనేసియా, పెరూ, ఉగాండా బడులకు ముందు చెప్పకుండా వెళ్లి చూస్తే సగటున 19 శాతం టీచర్లు బడిలో లేరు. భారత్‌లో అది 25 శాతం. సంతకాల పుస్తకం చూసి కూర్చుంటే ఈ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు.

తప్పులు దొరికినప్పుడు నిశ్శబ్దంగా దిద్దేయొద్దు. పాత అంకె, కొత్త అంకె, మార్చిన కారణం, తేదీ, ఈ నాలుగూ ఒక చోట రాయండి. ఇంకో మాట. లెక్క తప్పిన ప్రతి టీచరూ మోసగాడు కాడు. ఒక్క టీచరు మూడు తరగతులు చూస్తూ, మధ్యాహ్నం అయ్యేలోపు నాలుగు ఫారాలు పంపాలంటే కాకిలెక్కలే వస్తాయి. ఆ మనిషిని దోషిగా నిలబెడితే మీకు ఇకమీదట నిజం చెప్పేవాళ్లు దొరకరు.

4. చదువు వచ్చిందా? పక్కన కూర్చుని చదివించండి

చిన్న తరగతుల్లో రాతపరీక్ష పెట్టొద్దు. చదవడమే రాని పిల్లకు రాతపరీక్ష పెడితే ఖాళీ కాగితం వస్తుంది. ఆ పిల్లకు అక్షరాలు రావా, పదాలు రావా, ప్రశ్న అర్థం కాలేదా అన్నది ఆ కాగితం చెప్పదు. ఒక్కొక్కరినీ పిలిచి నోటితో చదివించాలి.

అసర్ వాడే పద్ధతి సులువు, ఎవరైనా నేర్చుకోగలరు. ఒకే కాగితం మీద నాలుగు భాగాలు ఉంటాయి: అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. పేరాతో మొదలుపెట్టండి. తడుముకోకుండా చదివితే కథ ఇవ్వండి. చదవలేకపోతే పదాల దగ్గరికి దిగండి. ఐదు పదాల్లో నాలుగు సరిగ్గా చదివితే పదాల స్థాయి. అదీ రాకపోతే అక్షరాలు, అక్కడా ఐదుకు నాలుగు. అవీ రాకపోతే "ఇంకా మొదలు కాలేదు" అని రాయండి. లెక్కల్లో ఇలాగే అంకెలు గుర్తుపట్టడం, రెండంకెల సంఖ్యలు, అప్పు తెచ్చుకునే తీసివేత, భాగహారం. ఒక్కో పిల్లకు కొద్ది నిమిషాలు చాలు.

కూర్చునే తీరు కూడా కొలతలో భాగమే. టేబుల్ అవతల మీరు, ఇవతల పిల్లవాడు అయితే వాడికి అది విచారణలా ఉంటుంది. పక్కన, అదే ఎత్తులో కూర్చోండి. పేరు అడగండి, ఇంట్లో ఎవరెవరు ఉంటారో రెండు మాటలు మాట్లాడండి. తప్పు చదివినప్పుడు మొహం మార్చకండి, దిద్దకండి. టీచరు వెనక నిలబడి ఉంటే మర్యాదగా బయటికి పంపండి. టెన్షన్‌లో ఉన్న పిల్ల తనకు వచ్చినదాంట్లో సగం కూడా చూపించదు.

ఏ భాషలో చదివిస్తున్నారో ఆలోచించండి. బడిలో చెప్పే భాష ఒకటి, ఇంట్లో మాట్లాడేది ఇంకొకటి అయినప్పుడు రెంటిలోనూ పరీక్షించి చూడండి. ఇంటి భాషలో అర్థం చేసుకోగలిగి బడి భాషలో చేయలేకపోతే, అక్కడ లోపం పిల్లలో లేదు.

పెద్దఎత్తున మార్పును ఏటికేడు కొలవాలంటే, నిమిషానికి ఎన్ని పదాలు సరిగ్గా చదివారో లెక్కించే ఎగ్రా అనే పరీక్ష చాలా దేశాల్లో వాడుకలో ఉంది. పరిశోధనకు అది బాగా పనికొస్తుంది. రోజువారీ తరగతి గదికి మాత్రం అసర్ నాలుగు స్థాయిలే మేలు. "నిమిషానికి 17 పదాలు" అంటే ఏం చేయాలో టీచరుకు వెంటనే తట్టదు. "పదాలు వచ్చు, పేరా రాదు" అంటే తడుతుంది.

పిల్లల పేర్లు ఒక ఫైల్లో, ఫలితాలు ఇంకో ఫైల్లో పెట్టి, మధ్యలో ఒక నంబరు మాత్రం ఉంచండి. పేర్ల ఫైల్ ఒకరిద్దరి దగ్గరే ఉండాలి. ఏ పిల్లవాడు చదవలేడో ఊరందరికీ తెలిసిపోవడం ఆ పిల్లవాడికి జీవితాంతం గుర్తుండే అవమానం.

5. పోల్చేటప్పుడు మోసపోకండి

అత్యుత్తమ బడులు, అధ్వాన బడులు అని జాబితా తీయాలని అందరికీ అనిపిస్తుంది. ఆ జాబితా తీసే ముందు బడుల పరిమాణం చూడండి. పన్నెండు మంది పిల్లలున్న తరగతిలోకి చురుకైన పిల్లలు ఇద్దరు వస్తే సగటు ఎగిసిపోతుంది, వాళ్లు వెళ్లిపోతే పడిపోతుంది. టీచరు చేసిందేమీ లేదు. అందుకే జాబితాలో పైనా, అట్టడుగునా ఎక్కువగా చిన్న బడులే కనబడతాయి.

దీన్నుంచి పుట్టిన పెద్ద పొరపాటు చిలీలో కనబడింది. 1990లో అక్కడి ప్రభుత్వం, మార్కులు తక్కువగా ఉన్న సుమారు 900 బడులను ఎంచి సాయం చేసింది. తర్వాతి పరీక్షల్లో వాటి మార్కులు బాగా పెరిగాయి. అందరూ కార్యక్రమం గొప్పగా పనిచేసిందనుకున్నారు. పరిశోధకులు జాగ్రత్తగా చూస్తే, ఆ పెరుగుదలలో చాలా భాగం సహజంగా వచ్చిందే. ఒక ఏడాది అదృష్టం బాగోక కిందికి పడిన బడి, తర్వాతి ఏడాది ఏమీ చేయకపోయినా కొంత పైకి వస్తుంది. కాబట్టి ఒక్క ఏడాది మార్కులతో బడిని ఎంచుకోవద్దు, రెండు మూడేళ్ల సగటు తీసుకోండి.

పోలిక ఎప్పుడూ ఒకే రకం పిల్లల మధ్య ఉండాలి. తల్లిదండ్రులు చదువుకున్న ఇళ్ల పిల్లలున్న బడినీ, ఇంట్లో మొదటిసారి బడికి వచ్చిన తరం పిల్లలున్న బడినీ మార్కులతో పోల్చడం అన్యాయం. ఏడాది మొదట్లో ఎక్కడున్నారు, చివర్లో ఎక్కడికి చేరారు అన్న ఎదుగుదలను పోల్చండి. సగటు ఒక్కటే కాకుండా, ప్రతి స్థాయిలో ఎంతమంది ఉన్నారో చూడండి. సగటు పెరుగుతున్నప్పుడే అట్టడుగున ఉన్న పిల్లలు అక్కడే మిగిలిపోవచ్చు. 1990లలో కెన్యాలో పాఠ్యపుస్తకాలు ఉచితంగా ఇచ్చినప్పుడు సగటులో మార్పు కనబడలేదు, స్థాయిల వారీగా చూస్తేనే అసలు సంగతి తెలిసింది. మామూలు పిల్లల మార్కులు పెరగలేదు, అప్పటికే బాగా చదివే కొద్దిమందికే ప్రయోజనం అందింది. పుస్తకాలు ఇంగ్లిషులో ఉన్నాయి, చాలామంది పిల్లలకు అది మూడో భాష.

6. పనిచేస్తుందో లేదో లాటరీతో తేల్చండి

కెన్యాలోనే గోడకు తగిలించే బొమ్మల చార్టుల మీద ఇంకో అధ్యయనం జరిగింది. చార్టులున్న బడులనూ లేని బడులనూ ఊరికే పోలిస్తే, ఉన్నవాటిలో పిల్లలు స్పష్టంగా ముందున్నారు. లాటరీ తీసి కొన్ని బడులకు ఇచ్చి చూస్తే తేడా లేనే లేదు. చార్టులు కొనుక్కునే బడి ముందునుంచీ కాస్త మెరుగైనదన్నమాట. ఊరికే పోల్చిన లెక్కను నమ్మి ఉంటే, దేశం మొత్తం చార్టుల మీద డబ్బు పోసేవాళ్లు. మైకేల్ క్రేమర్, అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోలకు 2019లో ఆర్థికశాస్త్ర నోబెల్ తెచ్చినది ఇలాంటి ప్రయోగాలే.

"కొందరికి ఇచ్చి కొందరికి ఆపడం అన్యాయం కదా" అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది, రావాలి కూడా. ఎలాగూ అందరికీ ఒకే ఏడాది ఇచ్చే డబ్బు ఉండదు. ఎవరికి ముందు అన్నది లాటరీతో తేల్చండి. మెక్సికో 1990ల చివర, పిల్లలను బడికి పంపే పేద కుటుంబాలకు నగదు ఇచ్చే ప్రోగ్రెసా పథకంలో 506 ఊళ్లను తీసుకుని, 320 ఊళ్లకు ముందు, 186 ఊళ్లకు తర్వాత ఇచ్చింది. ఆ మధ్యకాలంలో వచ్చిన తేడాయే పథకం ఫలితాన్ని చూపింది. సిఫారసు కంటే లాటరీ న్యాయమని ఊళ్లో వాళ్లు కూడా ఒప్పుకుంటారు, అందరి ముందూ తీస్తే.

లాటరీ బడుల మధ్య తీసినప్పుడు లెక్కలోకి వచ్చేది ప్రధానంగా బడుల సంఖ్య. నాలుగు బడుల్లో రెండు వేలమంది పిల్లలున్నా, మీ దగ్గర ఉన్నది నాలుగు బడుల సమాచారమే. ఒకే బడి పిల్లలు ఒకే టీచర్లను, ఒకే ఊరిని పంచుకుంటారు కాబట్టి. బడి మానేసిన పిల్లలను చివర్లో ఇంటికి వెళ్లయినా పరీక్షించండి, లేకపోతే మిగిలిన మంచి విద్యార్థులతో ఫలితం అందంగా కనబడుతుంది.

7. లెక్కను పుట్టిన చోటికి తిరిగి పంపండి

సేకరించడానికి నెలలు పట్టిన డేటా రెండేళ్ల తర్వాత పుస్తకంగా రావడం ఎంతో చోట్ల జరిగేదే. అప్పటికి ఆ పిల్లలు రెండు తరగతులు పైకి వెళ్లిపోయి ఉంటారు. టీచరుకు ఇవ్వాల్సింది పరీక్ష అయిన రోజే, బడి వదిలేలోపే ఇవ్వొచ్చు. ఒక్క పేజీ: ఏ స్థాయిలో ఏ పిల్లలు. గ్రాఫులు వద్దు. పర్యవేక్షక అధికారికి తన పరిధిలోని బడులన్నీ ఒక పేజీలో, ముందు ఎక్కడికి వెళ్లాలో కనబడేలా ఉండాలి. పై అధికారికి డబ్బు, టీచర్ల నియామకం గురించి తీసుకోవాల్సిన ఒకటి రెండు నిర్ణయాలు.

తల్లిదండ్రులకు ఇచ్చే సమాచారానికి ఎంత బలం ఉందో పాకిస్తాన్ పంజాబ్‌లో తేలింది. 112 ఊళ్లలో సగం ఊళ్లకు ఒక రిపోర్టు కార్డు అందించారు. మీ పిల్లకు ఎన్ని మార్కులు, మీ బడి సగటు ఎంత, ఊళ్లోని మిగతా బడుల సగటు ఎంత అన్నవి అందులో ఉన్నాయి. పిల్లల మార్కులు పెరిగాయి, ప్రైవేటు బడుల ఫీజులు సుమారు 17 శాతం తగ్గాయి, బడిలో చేరేవాళ్లు కూడా పెరిగారు. చదువురాని తల్లిదండ్రులు ఉన్న చోట కార్డు చేతిలో పెట్టి రావడం తూతూమంత్రమే. కూర్చోబెట్టి నోటితో వివరించాలి. ఇంకా మంచిది, వాళ్ల ముందే పిల్లచేత చదివించడం.

డబ్బు లెక్కలకూ ఇదే వర్తిస్తుంది. ఉగాండాలో 1991-95 మధ్య, ఒక్కో విద్యార్థికి ప్రభుత్వం ఇచ్చే నిధిలో సగటున 13 శాతమే బడులకు చేరిందని ఒక సర్వే బయటపెట్టింది. ప్రభుత్వం ఏ జిల్లాకు ఎంత పంపిందో పత్రికల్లో వేయించడం మొదలుపెట్టింది, తర్వాతి సంవత్సరాల్లో చేరే వాటా బాగా పెరిగింది. అదే కాలంలో వేరే సంస్కరణలు కూడా జరిగాయి కాబట్టి ఘనతంతా పత్రికలదే అనలేం. అయినా, ఎంత రావాలో తెలియనప్పుడు ఏ హెడ్మాస్టరూ ఎంత రాలేదో అడగలేరు.

8. అంకెను పాఠంగా మార్చడం

పరీక్షలో ఐదో తరగతిలో సగం మందికి పేరా రాదని తేలిందనుకుందాం. ఐదో తరగతి పుస్తకాన్ని ఇంకా గట్టిగా చెప్పడం వల్ల వాళ్లకు ఒరిగేదేమీ లేదు. రోజులో ఒక గంట తరగతులు పక్కనపెట్టి, మూడు నుంచి ఐదు తరగతుల పిల్లలను స్థాయిని బట్టి గుంపులు చేయండి. అక్షరాల గుంపుకు అక్షరాలు, పదాల గుంపుకు పదాలు. కొద్ది వారాలకోసారి అదే నాలుగు స్థాయిల పరీక్ష పెట్టి, ఎదిగినవాళ్లను పై గుంపుకు పంపండి.

ప్రథమ్ అభివృద్ధి చేసిన ఈ పద్ధతి మీద చాలా ప్రయోగాలు జరిగాయి, వాటిలో ఓడిపోయినవి కూడా ఎంతో నేర్పుతాయి. బిహార్, ఉత్తరాఖండ్‌లలో టీచర్లకు శిక్షణ, సామగ్రి ఇచ్చి వదిలేసినప్పుడు మామూలు బడి రోజుల్లో ఏ మార్పూ రాలేదు. టీచర్లు మళ్లీ సిలబస్ పూర్తిచేసే పనిలో పడ్డారు. హర్యానాలో 2012-13లో రెండు జాగ్రత్తలు తీసుకున్నారు: ఈ పనికి టైమ్‌టేబుల్‌లో విడిగా సమయం ఇచ్చారు, పర్యవేక్షించే అధికారులచేత ముందు స్వయంగా పిల్లలకు ఈ పద్ధతిలో పాఠాలు చెప్పించారు. అప్పుడు పిల్లల భాషా నైపుణ్యం మెరుగుపడింది, లెక్కల్లో మాత్రం మార్పు లేదు. ఉత్తరప్రదేశ్‌లో కొన్ని రోజుల చొప్పున క్యాంపులు పెట్టి పూర్తిగా దీనిమీదే పనిచేసినప్పుడు ఫలితం ఇంకా పెద్దది.

మీరు ఏదైనా ఒక్కటే చేయగలిగితే, అధికారులచేత పాఠం చెప్పించడం చేయండి. తాను ఒకసారి పిల్లల మధ్య కూర్చుని అక్షరాల గుంపును పదాల దాకా నడిపించిన అధికారి, ఆ తర్వాత బడికి వెళ్లి రిజిస్టర్లు మాత్రమే చూసి రాడు.

9. అంకె చెడిపోకుండా కాపాడుకోండి

ఒక అంకెకు బహుమతో, శిక్షో ముడిపెట్టిన రోజు నుంచి అది అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది. ఇండొనేసియాలో జాతీయ పరీక్షలను కాగితం నుంచి కంప్యూటర్ మీదికి మార్చగానే, అప్పటిదాకా కాపీయింగ్ ఎక్కువగా సాగిన బడుల మార్కులు ఒక్కసారిగా పడిపోయాయి. దీన్నుంచి బయటపడటానికి, టీచరుకు ఉపయోగపడే పరీక్షనూ పై అధికారులు బడులను అంచనావేసే పరీక్షనూ వేరు చేయండి. మొదటిదాంట్లో తక్కువ వచ్చినందుకు ఎవరికీ నష్టం ఉండకూడదు. రెండోదాన్ని బయటివాళ్లు, కొన్ని బడుల్లోనే, ప్రశ్నలు మారుస్తూ పెట్టాలి.

లక్ష్యం పెట్టాల్సే వస్తే, బ్రెజిల్ 2007లో తెచ్చిన ఐడెబ్ సూచిక చూడండి. అది పిల్లల మార్కులనూ పై తరగతికి వెళ్లేవాళ్ల వాటానూ గుణించి వస్తుంది. వెనకబడిన పిల్లలను ఆపేసి మార్కులు పెంచుకుంటే రెండోది పడిపోతుంది. అందరినీ గుడ్డిగా పాస్ చేస్తే మొదటిది పడిపోతుంది. ఒక వైపు మోసం చేస్తే రెండో వైపు బయటపడేలా సూచికను అల్లడం మంచి ఆలోచన, చిన్న జిల్లాలో కూడా చేసుకోవచ్చు.

10. పదిచోట్ల పనిచేసింది, పదివేల చోట్ల?

కెన్యాలో కాంట్రాక్టు టీచర్లను నియమించిన ఒక పెద్ద ప్రయోగంలో, స్వచ్ఛంద సంస్థ నడిపిన బడుల్లో మార్కులు పెరిగాయి. అదే పనిని ప్రభుత్వం నడిపిన బడుల్లో ఏ మార్పూ లేదు. జీతాలు ఆలస్యం కావడం, పర్యవేక్షణ లేకపోవడం, టీచర్ల సంఘాల వ్యతిరేకత, ఇవన్నీ చిన్న ప్రయోగంలో ఎదురుకానివి. కాబట్టి మొదటి ప్రయోగాన్నే సాధారణ సిబ్బందితో, సాధారణ జీతాలతో, బడిలో మామూలుగా ఉండే గందరగోళం మధ్య చేయండి. మీ సంస్థనుంచి వచ్చిన ఉత్సాహవంతులైన యువకులతో కాదు. ఒక్కో పిల్లకు ఎంత ఖర్చయిందో మొదటి రోజు నుంచి రాయండి, శిక్షణకు వచ్చిన అధికారుల పనిదినాలతో సహా. ఆర్థిక శాఖ మొదట అడిగే ప్రశ్న అదే.

ప్రభుత్వానికి అప్పగించేటప్పుడు రిపోర్టు ఒక్కటే ఇచ్చి చేతులు దులుపుకోవద్దు. శుభ్రం చేసిన డేటా, ఏ కాలమ్ ఏమిటో చెప్పే వివరణ, మార్పుల చిట్టా, పరీక్ష కాగితం, దాన్ని ఎలా పెట్టాలో చూపే చిన్న వీడియో ఇవ్వండి. పేర్ల ఫైల్ మాత్రం అందులో కలపకండి, పని పూర్తయ్యాక ఎవరి దగ్గర ఉండాలో, ఎప్పుడు చెరిపేయాలో రాతపూర్వకంగా తేల్చుకోండి. మొదటి మెట్టులో రాసుకున్న వాక్యం కూడా జతచేయండి. కుర్చీలోకి కొత్తగా వచ్చే అధికారికి, ఏ అంకె దాటితే తాను ఏ పని, ఏ తేదీలోపు చేయాలో అది చూస్తే తెలియాలి.